ఆకలి ప్లేటు

పద్నాలుగో రోజు ఉదయం ఏడు ప్లేట్లనీ కిటికీ దగ్గరికి తెచ్చి, ఒక్కొక్కటే వార్తాపత్రిక మీద పెట్టి చూశాను. ఏ ఒక్కదాని కిందా ఒక్క అక్షరం కనిపించలేదు.

కనిపించాలి. అదే మా పరీక్ష. గాజు ప్లేటులో పోసే జెల్లీలో రాతి భాస్వరం పొడి కలుపుతాం. అది నీళ్లలో కరగదు, అందుకని ప్లేటంతా పాలు పోసినట్టు తెల్లగా, మసగ్గా ఉంటుంది. మట్టిలోనూ భాస్వరం చాలావరకు ఇలాగే రాయిలో బిగుసుకుని ఉంటుంది. వేళ్లు దాన్ని తడుముతూనే ఉంటాయి, పీల్చుకోలేవు. ప్లేటు నడిమధ్య గోరంత శిలీంధ్రాన్ని నాటుతాం. అది పని తెలిసినదైతే తన చుట్టూ పుల్లటి ద్రవాన్ని వదిలి ఆ పొడిని కరిగిస్తుంది. కరిగినంత మేర తెలుపు విరిగి, గాజులా తేటపడి, ఒక వలయం ఏర్పడుతుంది. ఆ వలయంలోంచి కిందున్న పత్రికలో ఎన్ని అక్షరాలు చదవగలిగితే అది అంత పని చేసినట్టు. స్కేలుతో కొలిస్తే సరిపోతుంది. కానీ శిలీంధ్రాలు పెంచే ఈ కల్చర్ గదిని మొదలుపెట్టిన ప్రొఫెసర్ గారు "కొలిస్తే అంకె వస్తుంది, చదివితే నమ్మకం వస్తుంది" అనేవారు. ఆయన పోయి పదేళ్లయింది. నోట్‌బుక్కులో 'అక్షరాలు' అనే గడి మాత్రం అలాగే ఉంది.

ప్లేట్లలో శిలీంధ్రం చచ్చిపోలేదు. చచ్చిపోతే బాగుండేదేమో. తెల్లగా, దట్టంగా, దూదిని పేర్చినట్టు నిండుగా పెరిగింది. మూత తీస్తే పైకి ఉబికి వస్తుందేమో అన్నట్టుంది. దాని చుట్టూ మాత్రం మొదటి రోజు ఎంత తెలుపుందో అంత తెలుపూ ఉంది. పద్నాలుగు రోజులు తిని, పెరిగి, ఒక్క రేణువు కూడా కరిగించలేదు.

దాన్ని మేం పదిహేడు అంటాం. పదహారేళ్ల క్రితం రాతి క్వారీ అంచున ఒక ఒంటరి చెట్టుండేది. మట్టి లేదు. బండ పగుల్లోకి వేళ్లు దిగి, చుట్టూ గడ్డి కూడా మొలవని చోట అదొక్కటే ముదురు ఆకుపచ్చగా ఉండేది. ప్రొఫెసర్ గారికి అది అర్థం కాలేదు. అర్థం కానిదేదైనా ఆయనకి కాళ్లో ముల్లు. కొమ్మలు కోయించి, బెరడు తీయించి, లోపలి చెక్కని నువ్వుగింజంత ముక్కలు చేసి ప్లేట్ల మీద పేర్పించారు. పేర్చింది నేనే. పదిహేడో ముక్కలోంచి అది బయటికొచ్చింది. చచ్చిన చెక్క మీద పుట్టే బూజు కాదు. బతికున్న చెట్టు లోపలే, కాండంలో, ఆకులో, వేరులో కాపురముంటూ, చెట్టు పెట్టే చక్కెర తిని, బదులుగా రాయిని కరిగించి చెట్టుకి భాస్వరం అందించే జీవి. బయటి నుంచి చూస్తే అది ఉన్నట్టు చెట్టుకి కూడా తెలియదేమో అనిపించేంత మర్యాదగా ఉంటుంది.

ఆ మరుసటి ఏడే క్వారీ ఆ చెట్టుని మింగేసింది. పదిహేడు నా చేతిలో మిగిలింది.

ఇరవై రోజులకొకసారి దాన్ని పాత ప్లేటు నుంచి కొత్త ప్లేటుకి మార్చాలి. మామూలుగా బంగాళాదుంప రసం, చక్కెర కలిపిన ప్లేటు. ప్రొఫెసర్ గారు నోట్‌బుక్కు మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఒక నియమం రాశారు: "మూడు మార్పులకొకసారి ఆకలి ప్లేటు." అంటే చక్కెర అతి తక్కువగా వేసి, మిగిలినదంతా రాతిపొడితో చేసిన ప్లేటు. కష్టపడితేగాని తిండి దొరకని ప్లేటు. మొదటి ఏడెనిమిదేళ్లు అలాగే చేశాను. ఒకసారి, ఎందుకో, ఆకలి ప్లేటు మీద అది చాలా సన్నబడింది. సాలెగూట్లో ఒక్క పోగు తెగి పడినట్టు, చూపు తిప్పితే కనిపించనంత సన్నంగా. ఆ నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. అయిదో రోజున దాన్ని దుంపరసం ప్లేటు మీదకి మార్చేశాను. రెండు రోజుల్లో తెల్లగా విచ్చుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత ఆకలి ప్లేటు మళ్లీ చెయ్యలేదు. అక్షరాల పరీక్ష కూడా ఆ ప్లేటు మీదే చెయ్యాలి కాబట్టి అదీ చెయ్యలేదు. గడిలో 'పైన ఉన్నట్టే' అని రాశాను. ఇరవై రోజుల తర్వాత మళ్లీ 'పైన ఉన్నట్టే'. ఎనిమిదేళ్లు. పదిహేడు ఎంత తెల్లగా ఉంటే నేను అంత నిశ్చింతగా ఉన్నాను.

దాచిన నమూనాలు లేవా అని ఎవరైనా అడుగుతారు. డీప్ ఫ్రీజర్లో ఉండేవి. రెండేళ్ల క్రితం కరెంటు మూడు రోజులు పోయింది, అవి కుళ్లిపోయాయి. కుండీల్లో పెంచి పరీక్షించిన మొక్కలు? మా పరీక్ష ముగింపు ఏమిటంటే మొక్కని వేళ్లతో సహా పెరికి, మూడు రోజులు వేడి పెట్టెలో ఎండబెట్టి, తూచడం. ఎంత బాగా బతికిందో తెలుసుకోవాలంటే దాన్ని చంపాలి. అలా ప్రతి మొక్కనీ ఎంతో శ్రద్ధగా తూచాం.

ఇదంతా బయటపడింది రెండు వారాల క్రితం, కొత్తగా చేరిన అమ్మాయి వల్ల. "మేడమ్, రిపోర్టులో అక్షరాల గడి నింపాలట. పైన ఉన్నట్టే అంటే పైన ఎక్కడ? నేను ఆరేడు పేజీలు వెనక్కి తిప్పాను, అన్నీ పైన ఉన్నట్టే" అంది. నవ్వుతూనే అంది. నా చెవులు వేడెక్కాయి. ఆ సాయంత్రమే ఏడు ఆకలి ప్లేట్లు పోశాను.

ఈలోగా నర్సరీలో ఆరువేల మొక్కలు లారీల కోసం ఎదురుచూస్తున్నాయి. నాలుగు నెలల క్రితం వాటి వేళ్లకి పదిహేడుని పట్టించింది నేనే. అవి క్వారీ రాళ్లపొడి పోసిన గుట్ట మీదికి వెళ్లాలి. గుట్ట కింద నూట ఇరవై ఇళ్లున్నాయి. పోయిన వానలకి బురద కిటికీ చెక్కల దాకా వచ్చింది. ఆ గుట్ట మీద ఇప్పటికి రెండుసార్లు మామూలు మొక్కలు నాటి చూశారు. మొదటి ఏడు పచ్చగా ఉంటాయి, రెండో ఏడు ఆకులు ఊదారంగుకి తిరిగి, వరసకి వరస ఎండిపోతాయి. రాయిలో భాస్వరం ఉండి కూడా చస్తాయి. పదిహేడుని నమ్మి మూడోసారి నాటుతున్నారు. లారీలు గురువారం వస్తాయి. ఇవాళ సోమవారం.

ప్లేట్లని మళ్లీ పెట్టెలో పెట్టి ఇంటికి వెళ్లిపోయాను. మధ్యాహ్నమే ఇంటికి రావడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

తమ్ముడు వంటగది బల్ల దగ్గర పదకేళీ నింపుతున్నాడు. వాడికి నలభై ఏడు. మూడు ఉద్యోగాలు మొదలుపెట్టి మూడూ వదిలేశాడు. ప్రపంచంలో ఏ నదికి ఎన్ని ఉపనదులో చెప్పగలడు, గ్యాసు అయిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పలేడు.

"ఏంటక్కా, ఈ వేళప్పుడు? ఎవరైనా పోయారా?"

"పదిహేడు."

"చచ్చిపోయిందా?"

"చావలేదు. బాగా ఒళ్లు చేసింది. పని మర్చిపోయింది."

వాడు పెన్ను కింద పెట్టాడు. "ఓహో. నాలాగన్నమాట."

"ఊరుకోరా."

"లేదక్కా, నిజంగానే అంటున్నా. ఇన్నాళ్లకి నాకో సాటి దొరికింది. ఓసారి ఇంటికి తీసుకురా, ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటాం."

నేను ఏడ్చాననుకుంటాను. వాడు లేచి, ఏం చెయ్యాలో తెలియక, కుళాయి తిప్పి గ్లాసులో నీళ్లు పట్టి, ఆ నీళ్లు వాడే తాగేశాడు. అప్పుడు జరిగిందంతా చెప్పాను. ఆకలి ప్లేటు గురించి, 'పైన ఉన్నట్టే' గురించి.

"ఆయన పస్తు పెట్టమని రాశాడు. నువ్వు పెట్టలేదు" అన్నాడు.

"సన్నబడిపోయిందిరా. చూడలేకపోయాను."

"నువ్వు చూడలేవు. అది నాకన్నా ఎవరికి తెలుసు" అన్నాడు నెమ్మదిగా. అందులో ఎగతాళి లేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

వాడికి ఆరేళ్లప్పుడు జ్వరం వచ్చి నలభై రోజులు మంచం దిగలేదు. అమ్మది ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు. నాకు పదకొండేళ్లు. పొద్దున్నే వెళ్తూ అమ్మ నా చేతిలో స్పూను పెట్టి, "వాడు ఆకలనక ముందే పెట్టు. ఆకలి అన్నాడంటే ఆలస్యమైపోయినట్టే" అనేది. వాడు బతికాడు. అమ్మ తర్వాత పోయింది. స్పూను నా చేతిలోనే ఉండిపోయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం నాకిష్టం లేదు. మనిషి ప్లేటు కాదు. వాడి సోమరితనానికి వాడి కారణాలు వాడికున్నాయి, వాటిని కూడా నా ఖాతాలో వేసుకుంటే అది మరోరకం అహంకారం. కానీ ఆ ప్లేటు మీద తెల్లటి పోగు సన్నబడుతున్నప్పుడు నా వేళ్లలో లేచిన వణుకు కొత్తది కాదు. అది నలభై ఏళ్ల నాటిది. దాన్ని నేను శాస్త్రం అనుకున్నాను.

"సరే. కుండీల మొక్కలు ఎండబెట్టావు, ఫ్రీజర్ పోయింది, చెట్టుని క్వారీ తినేసింది" అంటూ వాడు వేళ్లు మడిచాడు. "ఆ చెట్టు పుల్ల ఒక్కటి కూడా లోకంలో ఎక్కడా మిగల్లేదా?"

పుల్ల అన్న మాట దగ్గర నేను తలెత్తాను.

నర్సరీలో వరసలకి గుర్తుగా మేకులు కొడతారు. కొనే మేకులుంటాయి, కానీ మా పాత తోటమాలి వాటిని ముట్టుకునేవాడు కాదు. పచ్చి కొమ్మని జానెడు ముక్కలు నరికి, చివర చెక్కి, డజను కట్ట కట్టి నడుముకి దోపుకునేవాడు. అందుకే అందరూ ఆయన్ని పుల్లల బాబాయ్ అనేవాళ్లు. క్వారీ చెట్టుని కొట్టేసిన రోజు వ్యాన్లో వెళ్లింది ఆయనే. ఒక మోపు కొమ్మలు తెచ్చాడు. వాటినే పుల్లలు చేసి నా కుండీల మడిలో వరస వరసకీ కొట్టాడు. నెలకల్లా అవి చిగురించాయి. పోలిక కోసమని పదిహేడు అస్సలు ఉండకూడని వరసలో పదిహేడు ఉన్న పుల్ల వేళ్లు తన్నింది. నా పరీక్ష మొత్తం పాడైంది. నేను వాటిని పీకి, కాల్చి, ఆయన మీద ఫిర్యాదు రాసిచ్చాను. ఆయన్ని తోటలోంచి తీసి గేటు దగ్గర వేశారు. రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నాడు. అప్పుడు నాకు ఆ చెట్టు ముక్కతో అవసరం లేదు. నా చేతిలో పదిహేడు ఉంది కదా.

మంగళవారం పొద్దున్నే ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. సైకిళ్లు బాగుచేసే షాపు మీద రెండు గదులు. కూతురు తలుపు తీసింది. బస్సు కండక్టరు యూనిఫాం వేసుకుని, జడ అల్లుకుంటూ ఉంది.

"నమస్కారం. బాబాయ్ ఉన్నారా?" అన్నాను.

లోపల్నుంచి గొంతొచ్చింది. "ఆ గొంతు నాకు తెలుసమ్మా. పదకొండు పుల్లల మేడంగారు. కూర్చోబెట్టు. కాలు విరిగిన కుర్చీ వెయ్యి."

కూతురు నవ్వు ఆపుకుని మంచి కుర్చీయే వేసి డ్యూటీకి వెళ్లిపోయింది. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. మనిషి ఎండిపోయాడు, చేతులు మాత్రం అప్పటివే. నేను వచ్చిన పని చెప్పాను. ఏదీ దాచలేదు. ఆయన మధ్యలో ఆపలేదు.

"ఏరు దాటి తెప్ప తగలేశారు. ఇప్పుడు మళ్లీ ఇవతలికి రావాలని తెప్ప అడుగుతున్నారు" అన్నాడు.

"తప్పు నాది బాబాయ్."

"ఆ ముక్క అప్పుడు కాయితం మీద రాసుంటే బాగుండేది. నా మీద రాసింది రెండు పేజీలు."

"ఒకటిన్నర."

"ఆ మిగతా అర పేజీకి నేను దణ్ణం పెట్టాలా?"

నేను తల వంచుకున్నాను. కింద షాపులో ఎవరో సైకిలు బెల్లు పదేపదే కొట్టి చూస్తున్నారు. ఆయన అడిగాడు. "ఎన్ని పీకారు?"

"పదకొండు. కాల్చేటప్పుడు లెక్కపెట్టాను."

"నేనెప్పుడైనా పదకొండు చేస్తానా? ఇన్నేళ్లు నాతో పనిచేశారు. డజనుకి ఒకటి తగ్గితే నాకు రాత్రి నిద్ర పడుతుందా?"

"పన్నెండోది ఏమైంది?"

"నడుముకే ఉండిపోయింది. గేటుకి పంపారుగా. అక్కడ గొలుసు తగిలించడానికి మేకు లేదు. కాబిన్ వెనక కూలగొట్టిన గోడ పెళ్లలు పోశారు చూడండి, ఆ పెళ్లల సందులో సుత్తితో దిగ్గొట్టాను. నాటలేదు మేడమ్, కోపం కొద్దీ కొట్టాను. ఒక్కనాడు నీళ్లు పొయ్యలేదు. అది మొలిచింది. నా కోపం నాలుగేళ్లకి పోయింది. అది పోలేదు."

"బతికుందా బాబాయ్?"

"నన్నడుగుతారేంటి? రోజూ దాని పక్కనించేగా లోపలికెళ్తారు. వాచ్‌మెన్లు దానికి గొడుగు తగిలిస్తారు."

బస్సులో తిరిగి వస్తూ దాన్ని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గొడుగు గుర్తొచ్చింది. తుప్పు పట్టిన గొలుసు గుర్తొచ్చింది. చెట్టు గుర్తు రాలేదు. పదిహేనేళ్లు రోజుకి రెండుసార్లు చూసినది, నా కంటికి ఒక కొక్కెం మాత్రమే.

అది ఉంది. పదిహేనేళ్లలో మనిషెత్తు దాటలేదు. వంకర తిరిగిన కాండం గొలుసు లింకుని తనలోకి మింగేసి, దాని చుట్టూ బెరడు కప్పుకుంది. వేళ్లు సిమెంటు పెళ్లల మధ్య దారి చేసుకుని ఎటుపోయాయో తెలియదు. ఆకులు అరడజను కొమ్మలకి మించి లేవు, అయినా ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి. క్వారీ అంచున చూసిన రంగు అదే. వాచ్‌మన్ "ఏంటి మేడమ్, దాన్ని కొట్టేస్తారా? గొడుగుకి ఇంకో ఏర్పాటు చెయ్యాలి మరి" అన్నాడు. నేను రెండు పుల్లలు మాత్రమే కోశాను. మూడోది కొయ్యడానికి చెయ్యి రాలేదు.

చెట్టు లోపలిది బయటికి రావాలంటే ముందు చెట్టు పైనున్న దుమ్ము, బూజు చావాలి. పుల్లని ఆల్కహాల్లో ముంచాలి. ఎంతసేపన్నదే విషయం. మందపాటి కొమ్మకి ఒక నిమిషం అని పుస్తకంలో ఉంది. ఇది పెన్సిలంత కూడా లేదు. ఎక్కువసేపు ముంచితే లోపలిది చస్తుంది, తక్కువ ముంచితే పైనున్న బూజు లేచి ప్లేటంతా కమ్మేస్తుంది. స్పిరిట్ దీపం ముందు కూర్చుని పట్టకారుతో పుల్లని ముంచి లెక్కపెట్టాను. ముప్పై దగ్గర, చాలు, పాపం అంది లోపలి గొంతు. ఆ గొంతుని నేను మొదటిసారి అనుమానించాను. నలభై అయిదు దాకా పోయాక తీశాను. బెరడు ఒలిచి, చెక్కని సన్నగా తరిగి, ఆరు ఆకలి ప్లేట్ల మీద ఇరవై నాలుగు ముక్కలు పేర్చాను. పద్నాలుగు రోజులు. లారీలు ఎల్లుండి.

బుధవారం డైరెక్టర్ గారి గదికి వెళ్లాను. ఆయన మంచివాడు. మంచివాళ్లకి తీరిక తక్కువ.

"ఇది ఎనిమిదేళ్లుగా జరుగుతోందా?" అన్నాడు నోట్‌బుక్కు తిరగేస్తూ.

"ఎప్పుడు మర్చిపోయిందో తెలియదు సార్. నేను చూడలేదు."

"మొక్కలు ఎలా ఉన్నాయి?"

"పచ్చగా ఉన్నాయి. నర్సరీ మట్టిలో అన్నీ ఉంటాయి. గుట్ట మీద రెండో ఏడు తెలుస్తుంది."

"అంటే మొదటి ఏడు బతుకుతాయి."

"బతుకుతాయి."

"వానలు పది రోజుల్లో మొదలవుతాయి. గుట్ట బోసిగా ఉంటే ఈ ఏడే జారుతుంది. ఒక్క ఏడు పట్టుకున్నా పట్టుకున్నట్టేగా?"

ఆయన చెప్పింది తప్పు కాదు. ఆయన చెప్పనిది కూడా ఆ గదిలోనే ఉంది.

"కింద ఇళ్లవాళ్లకి చెప్తారా సార్?"

"ఏమని చెప్పమంటారు?"

ఇద్దరం బల్ల మీద ఉన్న పేపరువెయిట్‌ని చూశాం. తర్వాత ఆయన చెయ్యి చాపాడు. చేతులు కలపడానికి అనుకున్నాను. తాళంచెవి కోసం. "విచారణ పూర్తయ్యే దాకా కల్చర్ గది ఆ కొత్తమ్మాయి చూసుకుంటుంది. మీరు విత్తనాల గోదాంలో ఉండండి. నాకు వేరే దారి లేదమ్మా" అన్నాడు. నిజంగానే బాధపడుతూ అన్నాడు.

ఆ పూట తాళంచెవి ఇస్తూ ఆ అమ్మాయికి ఒక్కటే చెప్పాను. ఆరు ప్లేట్లు, ఎవరూ ముట్టుకోవద్దు, మూత తియ్యొద్దు.

గురువారం లారీలొచ్చాయి. గోదాం మెట్ల మీద నిలబడి చూశాను. ఆరువేల మొక్కలు నల్లటి సంచుల్లో, ఒకదాన్నొకటి ఆనుకుని, గతుకుల్లో తలలాడిస్తూ గేటు దాటాయి. లారీ పక్కకి ఒక గుడ్డ బ్యానరు కట్టారు: 'ఈ చెట్లు మీ ఇళ్లని కాపాడతాయి'. అది మూడు నెలల క్రితం నేనే రాసిచ్చిన వాక్యం. గేటు దగ్గర లారీ కొంచెం పక్కకి ఒరిగి, గొడుగు తగిలించిన ఆ వంకర చెట్టుని రాసుకుంటూ పోయింది. కొమ్మ విరిగిన చప్పుడు నాకు వినిపించలేదు. వినిపించిందనే ఇప్పటికీ అనిపిస్తుంది.

వానలు డైరెక్టర్ గారు చెప్పినట్టే వచ్చాయి. గోదాంలో నా పని సంచుల మీద లేబుళ్లు అంటించడం. ఏ సంచిలో ఏముందో నాకు చూడాలనిపించేది, చూసేదాన్ని, ప్రతి సంచీ విప్పి. తోటి గుమాస్తా విసుక్కునేవాడు. "లేబులు మీద రాసుందిగా మేడమ్, పాత సరుకే" అనేవాడు. అందుకే చూస్తున్నానని చెప్పలేకపోయాను. ఇంట్లో తమ్ముడు రోజూ "ఎన్నో రోజు?" అని అడిగేవాడు. తొమ్మిది. పది. పన్నెండో రోజున వాడు అడగలేదు. నేను రెండుసార్లు వంట చేసి, ఏం చేశానో మర్చిపోయాను.

పద్నాలుగో రోజు కల్చర్ గది దగ్గరికి వెళ్లాను. లోపలికి వెళ్లే హక్కు లేదు. వరండా వైపు గాజు కిటికీ ఉంది, దానికి కింద మాటలు వెళ్లే సందు. ఆ అమ్మాయి నన్ను చూసి, మాస్కు కిందకి లాగి, కిటికీ దగ్గరికొచ్చింది.

"నాలుగు ప్లేట్లని బూజు తినేసింది మేడమ్. నల్లగా అయిపోయాయి. పారేశాను."

"మిగతా రెండు?"

"ఒకటి ఖాళీ. ఏమీ లేవలేదు. రెండోదాంట్లో..." ఆమె వెనక్కి వెళ్లి, ప్లేటుని రెండు చేతులతో పట్టుకొచ్చి, కిటికీ గూట్లో పరిచిన పత్రిక మీద పెట్టింది. "ఒక ముక్క పక్కన ఏదో ఉంది. మీరు చెప్పినట్టు తెల్లగా లేదు. అసలు ఉందో లేదో తెలియట్లేదు."

నేను గాజుకి నుదురు ఆనించాను. చెక్క ముక్క అంచున ఒక పోగు. సాలెగూట్లో ఒక్క పోగు తెగి పడినట్టు. దాన్ని చూడగానే నా వేళ్లు వణికాయి. అదే వణుకు.

"కింద ఏమైనా కనిపిస్తోందా? సరిగ్గా దాని కింద చూడు."

ఆ అమ్మాయి వంగింది. చాలాసేపు వంగే ఉంది. ఆమె ఊపిరికి గాజు మసకబారి మళ్లీ తేటపడింది.

"ఒక అక్షరం" అంది. "మొత్తం కాదు. సగం. ఏం అక్షరమో చెప్పలేను. కానీ ఏదో నల్లగా కనిపిస్తోంది మేడమ్, పక్కన ఎక్కడా కనిపించట్లేదు."

ఒక గింజంత తేట. నూట ఇరవై ఇళ్ల మీద గుట్టంత భారం, దాని మీద ఆరువేల పనికిరాని మొక్కలు, వాటి కింద ఒక ఏడాది గడువు. అన్నిటికీ ఎదురుగా సగం అక్షరం. ఈ పోగు బతికి, పెరిగి, మళ్లీ ఆరువేల మొక్కలకి సరిపోవాలంటే ఏడాది చాలదు. చాలుతుందేమో. లెక్క వెయ్యడానికి నాకు ధైర్యం లేదు.

"మరీ నీరసంగా ఉంది మేడమ్. ఇవాళో రేపో పోయేట్టుంది" అంది ఆ అమ్మాయి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "కాస్త దుంపరసం ప్లేటు మీదకి మార్చనా? రెండు రోజులే. కొంచెం కోలుకున్నాక మళ్లీ దీని మీదకి తెచ్చేద్దాం."

"వద్దు."

"చచ్చిపోతే?"

"చచ్చిపోవచ్చు. మార్చొద్దు. ఆకలి ప్లేటు మీదే ఉంచు. ఇరవయ్యో రోజు ఇంకో ఆకలి ప్లేటు మీదకే మార్చు. ఏం జరిగినా సరే. నాకు మాటివ్వు."

ఆమె తలూపింది. ప్లేటుని తీసుకుంటున్నప్పుడు మూత మీద బొటనవేలితో, నిద్రపోతున్న బిడ్డ నుదుటిని తాకినంత తేలిగ్గా, ఒక్కసారి రాసింది. నేను గోదాం వైపు నడిచాను. ఆ అమ్మాయి చెయ్యి చాలా మంచిది. నా భయమంతా అదే.